పర్లాకిమిడిలో డిస్కౌంట్ మాల్ వస్తే నాన్న కొట్టు ఏమవుతుంది, చెల్లి జీతం ఏమవుతుంది?

బాబూ, మీరు అడిగింది ఇది. పర్లాకిమిడిలో మీ నాన్నగారికి ముప్పై ఏళ్లుగా కిరాణా కొట్టు ఉంది. ఊళ్లో పెద్ద డిస్కౌంట్ మాల్ కడుతున్నారు. మీ చెల్లెమ్మకు అందులో బిల్లింగ్ కౌంటర్ పని ఇస్తామన్నారు. అమెరికాలో వాల్‌మార్ట్ వెళ్లిన చోటల్లా కొట్లు మూతపడి జీతాలు పడిపోయాయని ఎక్కడో చదివారు. ఇక్కడా అంతేనా, చెల్లెమ్మను పంపాలా మానాలా అని.

ఒకే ఇంట్లో కొట్టూ ఉంది, మాల్ ఉద్యోగమూ ఉంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. నేను బరంపురం పెద్ద బజారులో పుట్టి పెరిగినవాణ్ణి. నాన్నది పప్పులు, నూనెల కొట్టు. నేను ఇరవై ఏడేళ్లు సబ్బులు, టూత్‌పేస్టులు, బిస్కెట్ల ఏజెన్సీ నడిపి మూసేశాను. ఏజెన్సీ లేదు కాబట్టి ఎవరి మొహమాటమూ లేదు, మా వర్తకుల తప్పులతో సహా చెబుతాను.

ముందు అమెరికా సంగతి. వాల్‌మార్ట్ 1962లో అర్కాన్సాస్ రాష్ట్రంలో రోజర్స్ అనే చిన్న ఊళ్లో మొదలైంది. పెద్ద నగరాల జోలికి పోకుండా చాలా ఏళ్లు మన పర్లాకిమిడి లాంటి ఊళ్లనే ఎంచుకుంది. దాని ప్రభావం మీద పరిశోధనలు చాలా జరిగాయి, అన్నీ ఒకే మాట చెప్పవు. ఎమెక్ బాస్కర్ అనే ఆర్థికవేత్త 2005లో చెప్పిందేమిటంటే, స్టోరు తెరిచిన ఏడాది ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) రిటైల్ ఉద్యోగాలు సుమారు 100 పెరుగుతాయి, తర్వాత ఐదేళ్లలో చుట్టుపక్కల కొట్లు మూతపడి అందులో సగం హరించుకుపోతాయి. అదే లెక్కలో హోల్‌సేల్ రంగంలో ఓ 20 ఉద్యోగాలు పోతాయి. ఈ 20 గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. మూడేళ్ల తర్వాత డేవిడ్ న్యూమార్క్ బృందం ఇంకో పద్ధతిలో లెక్కవేసి, ఒక్కో వాల్‌మార్ట్ ఉద్యోగం సగటున 1.4 రిటైల్ ఉద్యోగాలను మింగిందని తేల్చింది. జీతాల మీద అరింద్రజిత్ దూబే, మరో ఇద్దరు 2007లో రాసిన దాంట్లో, ఒక స్టోరు తెరిస్తే ఆ కౌంటీ రిటైల్ కార్మికుల సగటు సంపాదన 0.5 నుంచి 0.9 శాతం దాకా తగ్గిందని ఉంది.

ఒక శాతం కూడా లేదు కదా అనిపిస్తుంది. ఒక్క స్టోరుకు అది. ఒకే కౌంటీలో ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటూ పోతే?

ఎందుకు తగ్గాయో తెలిస్తేనే మన ఊరికి ఈ లెక్క పనికొస్తుందో లేదో తెలుస్తుంది. అక్కడ కిరాణా సూపర్‌మార్కెట్లలో పనిచేసేవాళ్లకు యూనియన్లు ఉండేవి. మంచి జీతం, ఆరోగ్య బీమా, పెన్షన్ ఉండేవి. వాల్‌మార్ట్‌లో యూనియన్ లేదు. 2000లో టెక్సస్‌లో ఒక స్టోరులో మాంసం కోసేవాళ్లు ఏడు-మూడు ఓట్లతో యూనియన్ కావాలన్నారు. కొద్ది రోజులకే ఆ చుట్టుపక్కల చాలా స్టోర్లలో మాంసం కోసే విభాగాలే ఎత్తేసి ప్యాకెట్ మాంసం పెడతామని కంపెనీ ప్రకటించింది. యూనియన్‌తో సంబంధం లేదని చెప్పింది, మీరు నమ్మండి నమ్మకపోండి. 2003 అక్టోబరు నుంచి 2004 ఫిబ్రవరి దాకా దక్షిణ కాలిఫోర్నియాలో సూపర్‌మార్కెట్ కార్మికులు సమ్మె చేశారు. అప్పుడు యాజమాన్యాలు చెప్పిన ముఖ్యమైన కారణం, వాల్‌మార్ట్ వస్తోంది, ఈ ఖర్చులతో మేం దానితో తట్టుకోలేం అని. చివరికి కొత్తగా చేరేవాళ్లకు తక్కువ జీతం అనే ఒప్పందం మీద సమ్మె ముగిసింది. వాల్‌మార్ట్ ఒక్కరినీ తీసేయలేదు, ఒక్కరి జీతమూ కొయ్యలేదు. వస్తుందన్న భయంతోనే పక్కవాళ్ల జీతాలు దిగాయి.

ఇప్పుడు మన బజారుకొద్దాం. పడిపోవడానికి ఇక్కడ అంత ఎత్తు ఎక్కడుంది బాబూ? మా నాన్న కొట్లో గుమస్తాకు, పొట్లాలు కట్టే ఇద్దరు కుర్రాళ్లకు పీఎఫ్ అన్న మాటే తెలీదు. నేను ఏజెన్సీ పెట్టాకా పెద్ద తేడా ఏమీ లేదు. నెల జీతం చేతికిచ్చేవాణ్ణి, దసరాకు బట్టలు, మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వచ్చే ఏడాదిలో ఒక నెల బోనస్, కూతురి పెళ్లికి అడ్వాన్సు. అడ్వాన్సు ఇచ్చామంటే మనిషి మూడేళ్లు కదలడు, ఆ లెక్క నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి మా జీతాలు చాలాసార్లు దిగువనే ఉండేవి. ఇవాళ 'చిన్న వర్తకుణ్ణి కాపాడండి' అని ర్యాలీ తీసేవాళ్లలో చాలామంది ఈ సంగతి ఎత్తరు. అందుకని అమెరికా కథ తెచ్చి మన ఊరికి అతికిస్తే అతకదు. అక్కడ బాగున్న జీతాన్ని కిందికి లాగారు. ఇక్కడ మాల్ వచ్చి కాగితం మీదైనా కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ చూపిస్తే అది మా బజారు జీతం కంటే మెరుగే అవ్వొచ్చు.

మరి దెబ్బ ఎవరికి? నేను చూసిన వరుస చెబుతాను. మొదట కూలింది మేమే, ఏజెన్సీలం. బాస్కర్ లెక్కలో హోల్‌సేల్ ఉద్యోగాలు 20 అన్నానే, అవి మావే. చైన్ షాపు కంపెనీ దగ్గర నేరుగా కొంటుంది. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ అక్కర్లేదు, అతని దగ్గర సైకిలు మీదో బండి మీదో కొట్టుకొట్టుకూ తిరిగి ఆర్డర్లు తెచ్చే సేల్స్‌మన్ అక్కర్లేదు, ఆటో డ్రైవరు అక్కర్లేదు, పెట్టెలు దించే కళాసీ అక్కర్లేదు. నా దగ్గర ఏడుగురు సేల్స్‌మన్లు ఉండేవారు, చివరికి ముగ్గురు మిగిలారు. ఒక రోజు నా మనిషి ఒకడు మాల్ బిల్లు తెచ్చి చూపించాడు. నేను కంపెనీకి ఎంత కట్టి సరుకు తెచ్చుకుంటానో దానికంటే మూడు రూపాయలు తక్కువకు అదే టూత్‌పేస్టు అక్కడ అమ్ముతున్నారు. కంపెనీ ఏరియా మేనేజరును అడిగితే 'వాల్యూమ్ అండీ' అన్నాడు, అంటే వాళ్లు గుత్తగా కొంటారని. నేనేం చేశానో కూడా చెబుతాను, సిగ్గేముంది: ఆఫర్ ఉన్నన్నాళ్లూ మా కుర్రాళ్లను పంపి మాల్‌లోనే కొనిపించి కొట్లకు వేశాను. కంపెనీ ఏజెంటుని, కంపెనీ సరుకు మాల్‌లో కొన్నాను! 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు ఇదే ధర తేడా మీద కోల్గేట్ సరుకు కొన్ని రకాలు ఆపేశారు, పేపర్లలో వచ్చింది. అప్పటికి నా షట్టరు దిగిపోయింది.

అమెరికాలో దీనికి ఒక చట్టం ఉంది, రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం. ఒకే సరుకు పెద్ద కొట్టుకు ఒక ధర, చిన్న కొట్టుకు ఒక ధర పెట్టి పోటీని దెబ్బతీయకూడదని. చేసింది 1936లో. మీ పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందీ ఆ ఏడాదే, అందుకే నాకు ఆ సంవత్సరం మరిచిపోవడం కుదరదు. గత నలభై ఏళ్లలో దాన్ని అక్కడి ప్రభుత్వం దాదాపు అటక మీద పెట్టేసింది. మనకు 2002 పోటీ చట్టం ఉంది గానీ, అవతలివాడికి మార్కెట్ మీద ఆధిపత్యం ఉందని ముందు రుజువు కావాలి. జిల్లా స్థాయి కిరాణా గొడవకు అది అందే తాడు కాదు.

విదేశీ కంపెనీ వచ్చి మింగేస్తుందన్న భయం మాత్రం పక్కన పెట్టండి. 2012లో కేంద్రం మల్టీబ్రాండ్ రిటైల్‌లో, అంటే అన్ని కంపెనీల సరుకూ అమ్మే చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తీసినప్పుడు రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది, ఒప్పుకున్న రాష్ట్రాల్లో ఒడిశా లేదు. వాల్‌మార్ట్ ఇక్కడ టోకు వ్యాపారం చేసింది, 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొంది, అంతే. మీ ఊరికొచ్చేది మనవాళ్ల చైన్ షాపే. మీ నాన్నగారికి దానివల్ల ఊరటేమీ ఉండదనుకోండి.

ఇక కొట్టు లెక్క. ఇది కాస్త నింపాదిగా చూడండి, ఇక్కడే జీతానికీ కొట్టుకీ ముడి ఉంది. మాటవరసకు నెలకు మూడు లక్షల బేరం ఉన్న కొట్టనుకుందాం. పది శాతం మార్జిన్ అంటే ముప్పై వేలు. అద్దె, కరెంటు, వడ్డీ, ఒక కుర్రాడి జీతం కలిపి పద్నాలుగు వేలు ఖర్చు. మిగిలేది పదహారు వేలు. మాల్ వచ్చి ఐదో వంతు బేరం పోయింది, రెండు లక్షల నలభై వేలకు దిగింది. మార్జిన్ ఇరవై నాలుగు వేలు. ఖర్చు మాత్రం అదే పద్నాలుగు. మిగిలేది పది వేలు. బేరం ఇరవై శాతం తగ్గితే ఇంటికొచ్చే డబ్బు దాదాపు ముప్పై ఎనిమిది శాతం తగ్గింది. షాపు మూసేయాల్సినంత నష్టం కాదు, నడపబుద్ధి కానంత నష్టం. అప్పుడు కొట్టు యజమాని ఏం చేస్తాడు? అద్దె తగ్గించలేడు, కరెంటు తగ్గించలేడు. కుర్రాణ్ణి మాన్పిస్తాడు. కొడుకునో భార్యనో కూర్చోబెడతాడు. ఆ కుర్రాడు ఏ లెక్కలోకీ రాడు, వాడికి నియామక పత్రమే లేదు కదా. మాల్ ఓపెనింగ్‌కు వచ్చిన నాయకులు 'ఎనభై ఉద్యోగాలు' అంటారు. బజారులో ఒక్కొక్కరుగా ఇళ్లకు పోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు.

పైగా మూతపడేవి మీ ఊరి కొట్లే అవ్వాలని లేదు. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ కెన్నెత్ స్టోన్ 1980ల చివరి నుంచి ఆ రాష్ట్రపు చిన్న ఊళ్లను ఏళ్ల తరబడి గమనించాడు. స్టోరు ఉన్న ఊళ్లో, అది అమ్మని వస్తువులు అమ్మేవాళ్లకు, హోటళ్లకు జనం పెరిగి బేరం పెరిగింది. అదే సరుకు అమ్మేవాళ్లు దెబ్బతిన్నారు. ఎక్కువ పోగొట్టుకున్నది స్టోరు లేని పక్క ఊళ్లు. మన లెక్కలో చెప్పాలంటే పర్లాకిమిడి మాల్ దెబ్బ కాశీనగర్‌కు, నది అవతల పాతపట్నానికి కూడా తగులుతుంది. పాతపట్నంలో కొనుక్కోవడమా ఇక్కడా అన్నది ఒకప్పుడు పన్ను తేడా బట్టి నడిచేది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ తేడా పోయింది. ఇప్పుడు ఎటు ఆఫర్ ఉంటే జనం అటే.

ఇప్పుడు జీతం. నా అనుభవం మొత్తం పిండితే వచ్చేది ఒక్కటే: జీతం యజమాని పెద్దవాడా చిన్నవాడా అన్నదాన్ని బట్టి ఉండదు, ఈ పని మానేస్తే ఆ మనిషి ఇంకెన్ని తలుపులు తట్టగలడన్నదాన్ని బట్టి ఉంటుంది. మా గంజాం జిల్లా మగవాళ్లకు ఆ తలుపు సూరత్. మా బజారులో కళాసీ కూలి పెంచింది యూనియన్ కాదు, లేబర్ ఆఫీసూ కాదు. సూరత్ మరమగ్గాల్లో నెలకెంత వస్తోందో దీపావళికి ఊరొచ్చినవాడు చెబుతాడు, ఆ మర్నాటి నుంచి మా దగ్గర బేరసారాలు మొదలవుతాయి. 2020లో కరోనాకు సూరత్ మూతపడి వేలమంది తిరిగొచ్చారు చూశారా, ఆ కొన్ని నెలలు బజారులో కూలి పెంచమని అడిగిన నోరు లేదు. మరమగ్గాలు మళ్లీ తిరిగాయి, నోళ్లు లేచాయి. వాల్‌మార్ట్ కథా అదే. 2009 నుంచి అక్కడ కేంద్ర కనీస వేతనం గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. కానీ వాల్‌మార్ట్ తన కనీసాన్ని 2015లో 9 డాలర్లు, మరుసటి ఏడాది 10, 2018లో 11 చేసింది. జాలిపడి చేసింది కాదు. మనుషులు దొరకడం కష్టమైంది, రాష్ట్రాలు తమ కనీస వేతనాలు పెంచాయి, కార్మికులు రోడ్డెక్కారు. అయినా 2020లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ కొన్ని రాష్ట్రాల లెక్కలు తీస్తే, పేదలకిచ్చే ఆహార కూపన్లు, వైద్య సాయం తీసుకుంటున్న ఉద్యోగులు ఎక్కువగా ఉన్న కంపెనీల్లో వాల్‌మార్ట్ పేరు పైనే ఉంది.

ఆడపిల్లల సంగతి వేరు. సూరత్ తలుపు వాళ్లకు లేదు. పర్లాకిమిడిలో ఇంటర్ చదివిన అమ్మాయికి ఏముంది? ట్యూషన్లు, బట్టల కొట్టు, ప్రైవేటు స్కూలు, నర్సింగ్ హోమ్ రిసెప్షన్. మాల్ వస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. మొదటి రెండు మూడేళ్లు అది జీతాన్ని పైకే లాగుతుంది, మా వర్తకుల్లో ఆడపిల్లలను పెట్టుకునే బట్టల కొట్లవాళ్లు కూడా వెయ్యో రెండు వేలో పెంచక తప్పదు. ఆ బట్టల కొట్లే రెండు మూతపడి, మాల్ ఒక్కటే మిగిలిన రోజున తలుపులు మళ్లీ తగ్గుతాయి. అప్పుడు జీతం కనీస వేతనం దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. దాన్ని ఆర్థిక శాస్త్రంలో ఏదో పేరుతో పిలుస్తారు, మా బజారు భాషలో 'ఒక్కడే షావుకారున్న ఊరు' అంటారు.

కాబట్టి చెల్లెమ్మను పంపండి. మొదటి రోజు కాగితాలు మాత్రం మీరు దగ్గరుండి చదవండి. నియామక పత్రం మీద మాల్ కంపెనీ పేరుందా, మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరుందా చూడండి. ఏజెన్సీ అయితే పదకొండు నెలలకు ఒకసారి పేరు తీసి మళ్లీ చేర్చడం నేను కళ్లారా చూశాను. ఇంకో రకం ఉంది: షాంపూ బీరువా పక్కన నిలబడే అమ్మాయి చాలాసార్లు మాల్ మనిషి కాదు, షాంపూ కంపెనీ ప్రమోటర్. కంపెనీ ప్రచారం ఆపిన రోజున పని పోతుంది.

ఒడిశాలో 2024లో నైపుణ్యం అక్కర్లేని పనికి కనీస వేతనం రోజుకు 352 నుంచి 450 రూపాయలు చేశారు, సెమీ-స్కిల్డ్‌కు, అంటే కొంత నైపుణ్యం కావాల్సిన పనికి 500. ఆరు నెలలకోసారి దాని మీద కరువు భత్యం కొంత కలుస్తుంది. 26 రోజులకు 450 చొప్పున 11,700. అందులో పీఎఫ్ 12 శాతం అంటే 1,404, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 88 పోగా చేతికి 10,208. కంప్యూటర్ మీద బిల్లు కొట్టే పని సెమీ-స్కిల్డ్ కిందికి రావాలి కదా అని అడగండి, అడిగితే పోయేదేమీ లేదు. చేతికి పదివేలే వస్తోందని మీ అమ్మగారు పెదవి విరుస్తారేమో. పీఎఫ్‌లో యజమాని వాటా కూడా ఆ పిల్ల పేరు మీదే పడుతుంది, ఈఎస్ఐ కార్డు ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైన రోజున తెలుస్తుంది. అయితే ఆ ఖాతాలు నిజంగా తెరిచారో లేదో ఫోన్‌లో యూఏఎన్ (పీఎఫ్‌కు ఇచ్చే నంబరు) వేసి మూడో నెల చూసుకోండి. జీతంలో కోసి కట్టకుండా ఆపేసేవాళ్లు ఉన్నారు. ఇంకా రెండు విషయాలు: కౌంటర్‌లో డబ్బు తగ్గితే జీతంలో కోస్తారా, సరుకు మాయమైతే అందరి మీదా పంచుతారా? రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించాక ఇంటికి ఎలా వస్తుంది? రెండోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నాకు తెలిసిన ముగ్గురు అమ్మాయిలు మానేసింది దాని వల్లే.

నాన్నగారి కొట్టు. దయచేసి అప్పు చేసి ఏసీ పెట్టి, అద్దాలు బిగించి, బుట్టలు పెట్టి 'సూపర్ మార్ట్' అని బోర్డు మార్చకండి. బరంపురంలో గేట్ బజారు వైపు అలా చేసినవాళ్లలో కొంతమంది ఇప్పుడు ఆ వడ్డీ కడుతూ ఉద్యోగం చేసుకుంటున్నారు. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు పెద్ద ప్యాకెట్లలో మాల్‌తో ధర దగ్గర పోటీ పెట్టుకోకండి, ఓడిపోతారు. వాటిని తగ్గించుకోండి, ఆఫర్ ఉన్నప్పుడు నేను చేసిన పనే చేయండి. మాల్ చేయలేనివి మూడున్నాయి. రెండు రూపాయల ప్యాకెట్ విడిగా అమ్మడం, లూజు సరుకు పావుకిలో తూచివ్వడం, అరువివ్వడం. కొండ మీది సవర ఊళ్ల నుంచి సంత రోజున వచ్చేవాళ్లు చింతపండో జీడిపిక్కలో ఇచ్చి సరుకు పట్టుకెళ్తారు, ఆ రెండు వైపుల వ్యాపారం ఏ బార్‌కోడ్ మెషీనూ చేయలేదు. తూకం మాత్రం నిక్కచ్చిగా ఉండాలి. మాల్‌కు వెళ్లొచ్చిన మనిషికి కిలో అంటే ఎంతో తెలిసిపోతుంది, మా తరం దానితో ఆడిన ఆటలు ఇక సాగవు.

అరువు దగ్గరే అసలు చిక్కుంది. మాల్‌కు మొదట వెళ్లేది నెల జీతగాళ్లు, టీచర్లు, బ్యాంకువాళ్లు, ఆఫీసు గుమస్తాలు. ఒకటో తారీఖున నగదు ఉన్నవాళ్లు. వాళ్లు ఇరవయ్యో తారీఖున డబ్బయిపోయాక మీ దగ్గరికి అరువుకొస్తారు. అంటే నగదు అక్కడికి, అప్పు మీ దగ్గరికి. మా నాన్న కొట్టు చితికింది మాల్ వల్ల కాదు, ఈ ఇరవయ్యో తారీఖు బేరం వల్ల. ఖాతా పుస్తకం చూస్తే బేరం బ్రహ్మాండంగా ఉండేది, గల్లా పెట్టెలో మాత్రం ఏమీ ఉండేది కాదు.

అందుకని నాన్నగారి ఖాతా పుస్తకం తీసి, బాకీ ఎక్కువున్న ఇరవై పేర్లు వరుసగా రాయండి. పేర్లు నాకొద్దు, ఎదురుగా నెల జీతమా, రోజు కూలీయా, కొండ ఊరి మనిషా అన్నది రాయండి, చివరిగా డబ్బు కట్టిన తేదీ వేయండి. అది ఇక్కడ పెడితే కొట్టు ఎన్నాళ్లు లాగుతుందో, ఏ సరుకు ముందు తగ్గించాలో ఊహతో కాకుండా లెక్కతో చెబుతాను.